ఇంజను తాళం ఎవరి చేతిలో ఉండాలి?

ఇప్పుడు కొత్తగా కొనే కారునైనా, లారీనైనా, పెద్ద ట్రాక్టరునైనా లోపల ఉండి నడిపించేది ఒక చిన్న కంప్యూటరు. సిలిండరులోకి ఎంత డీజిలు పోవాలి, ఏ క్షణాన పోవాలి, గాలి ఎంత రావాలి అనే సంగతులన్నీ అదే నిర్ణయిస్తున్నది. అందులో రాసిపెట్టిన లెక్కలనే సాఫ్ట్‌వేరు అంటారు. బండి కొన్న యజమాని ఈ లెక్కలను తనకు నచ్చినట్లు మార్చుకోవచ్చునా? మార్చుకుంటే నష్టం ఎవరికి? అడ్డుకునే అధికారం ఎవరికి ఉండాలి?

ఈ ప్రశ్నల మీద అమెరికాలో 2015లో పెద్ద వాదోపవాదాలే జరిగాయి. కార్ల యజమానులు, మెకానిక్కులతోపాటు ట్రాక్టరు రైతుల తరఫున కూడా అక్కడ వాదన వినిపించారు. బి.ఎస్‌.6 బండ్లు మన పల్లెల్లోకి కూడా వచ్చేసిన ఈ రోజుల్లో ఆ వ్యవహారం నుంచి మనం తెలుసుకోవలసింది చాలా ఉన్నది.

స్క్రూ పోయి లెక్క వచ్చింది

పాత బండ్ల సంగతి మన ఊళ్ళలో తెలియనిది కాదు. డీజిలు ఇంజను బరువు లాగడం లేదంటే మెకానిక్కు పంపు సెట్టింగు కొంచెం పెంచేవాడు. డీజిలు ఎక్కువ పోయేది. బండి లాగేది. వెనక గొట్టంలో నల్లటి పొగ వచ్చేది. పెట్రోలు బండి అయితే కార్బురేటరు స్క్రూ ఒక చుట్టు తిప్పేవారు. చేసిన పని కంటికి కనపడేది, చెవికి వినపడేది. నచ్చకపోతే మళ్ళీ వెనక్కు తిప్పుకునేవారు.

ఇప్పటి ఇంజనులో ఆ స్క్రూ లేదు. దాని స్థానంలో ఇ.సి.యు. అనే పెట్టె వచ్చింది. ఇంజను ఎంత వేడెక్కింది, ఎన్ని చుట్లు తిరుగుతున్నది, యాక్సిలరేటరు ఎంత నొక్కారు, పొగగొట్టంలో ఏముంది అనే కబుర్లు సెన్సార్ల ద్వారా ఈ పెట్టెకు అందుతూ ఉంటాయి. పెట్టెలో పంచాంగంలో మాదిరిగా గళ్ళుగళ్ళుగా పట్టికలు ఉంటాయి. ఇన్ని చుట్ల మీద యాక్సిలరేటరు ఇంత నొక్కితే ఇంత డీజిలు పోవాలి అని ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె ఉంటుంది. పెట్టె ఆ పట్టిక చూసి డీజిలు వదులుతుంది.

ఈ అంకెలను మార్చడాన్నే రీమ్యాపింగ్ అని, చిప్ ట్యూనింగ్ అని అంటున్నారు. స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు లాప్‌టాపు తగిలించి పాత పట్టిక తీసి కొత్తది ఎక్కిస్తారు. కొన్ని బండ్లకు పెట్టె విప్పి చేయవలసి వస్తుంది. పని పూర్తయ్యాక బయటి నుంచి చూస్తే బండిలో ఏ మార్పూ కనపడదు. బోల్టు మారదు, రంగు మారదు. పాత స్క్రూకు, దీనికి ఉన్న మొదటి తేడా ఇదే.

మార్చేవారు మూడు రకాలు

ఇంజను లెక్కల జోలికి పోయేవారందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. వారి అవసరాలు వేరువేరుగా ఉన్నాయి.

మొదటి రకం వారికి కావలసింది మరమ్మతు. ఒక సెన్సారు పాడైతే కొత్తది తెచ్చి బిగిస్తారు. కాని కొన్ని బండ్లలో ఆ కొత్త సామాను వచ్చినట్లు కంప్యూటరుకు చెప్పి ఒప్పించే దాకా అది పనిచేయదు. ఆ చెప్పే సాధనం కంపెనీ డీలరు దగ్గరే ఉంటుంది. కోతల రోజుల్లో ట్రాక్టరు ఆగిపోతే డీలరు మనిషి వచ్చే దాకా రైతు ఎదురుచూస్తూ కూర్చోవలసిందే.

రెండవ రకం వారికి కావలసింది బలం. కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ గుర్రపు బలం, ఎక్కువ పికప్పు రావాలని అడుగుతారు. మైలేజీ పెరుగుతుందని చెప్పి చేయించేవారు కూడా ఉన్నారు.

మూడవ రకం వారికి కావలసింది పొగ తగ్గించే సామాను పనిచేయకుండా చేయడం. కొత్త డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని బండి బాగా వేడెక్కినప్పుడు తనంతట తాను కాల్చుకుంటుంది. హైవే మీద కొంతసేపు వేగంగా నడిస్తేనే ఈ పని సక్రమంగా జరుగుతుంది. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిరిగే బండిలో మసి పేరుకుపోయి ఫిల్టరు మూసుకుపోతుంది. దాన్ని మార్చాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని ఫిల్టరును తీసేయించి, తీసేసిన సంగతి కంప్యూటరుకు తెలియకుండా లెక్క మార్పిస్తారు.

లారీలకు, కొన్ని కార్లకు మరొక ఏర్పాటు ఉన్నది. యూరియా ద్రావణం వేరే ట్యాంకులో పోస్తారు. శుద్ధి చేసిన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం ఇది. పొగలోని విషవాయువును ఇది మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. మనం పొలంలో చల్లే వేపపూత యూరియా దీనికి పనికిరాదు. అది వాడితే సామాను చెడుతుంది. ఈ ద్రావణం అయిపోయినా, దాని సెన్సారు చెడినా బండి బలం తగ్గిపోయి నత్తనడక నడిచేలా కంపెనీవారు సాఫ్ట్‌వేరు రాశారు. ఈ బెడద వదిలించుకోవడానికి కూడా లెక్క మార్పించేవారున్నారు.

మొదటి రకం వారి వలన ఊరికి నష్టం లేదు. మూడవ రకం వారి వలన నష్టం తప్పదు. రెండవ రకం వారి సంగతి చేసిన పనిని బట్టి ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఈ మూడు పనులకూ తెరవవలసిన తాళం ఒక్కటే.

కనపడని పొగ

డీజిలు ఇంజను నుంచి వచ్చే చెడులో ముఖ్యమైనవి రెండు. ఒకటి మసి. ఇది కంటికి కనపడుతుంది. రెండవది నైట్రోజన్ ఆక్సైడు అనే వాయువుల గుంపు. గొట్టం నుంచి వచ్చేటప్పుడు ఇది సాధారణంగా కంటికి కనపడదు. ఇంజను లోపల మంట బాగా వేడిగా మండితే గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి ఈ వాయువు పుడుతుంది. ఇది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి మరీ హాని. ఎండ తగిలినప్పుడు గాలిలోని ఇతర ఆవిరులతో కలిసి నేల మట్టంలో ఓజోనుగా మారుతుంది. ఆ ఓజోను మనుషులకే గాక పైరు ఆకులకు కూడా చేటు చేసి దిగుబడి తగ్గిస్తుంది.

ఈ రెండింటి మధ్య ఒక తిరకాసు ఉన్నది. మంట వేడి పెంచితే మసి తగ్గి మైలేజీ బాగుంటుంది గాని నైట్రోజన్ ఆక్సైడు పెరుగుతుంది. వేడి తగ్గిస్తే ఆ వాయువు తగ్గి మసి పెరుగుతుంది. బలం, మైలేజీ, పొగ అనే ఈ మూడింటినీ తూకం వేసి కంపెనీవారు అంకెలు రాస్తారు. ఒకదాన్ని లాగితే మరొకటి కదులుతుంది. కాబట్టి బలమూ మైలేజీ రెండూ పెరిగాయి, పొగ కూడా లేదు అని ఎవరైనా చెబితే, కనపడని వాయువు సంగతేమిటని అడగవలసి ఉన్నది.

సినిమా డిస్కుల చట్టం ట్రాక్టరు మీదికి

ఇక అమెరికా సంగతికి వద్దాం. 1998లో అక్కడ డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టం తెచ్చారు. సినిమాలు, పాటలు, కంప్యూటరు ప్రోగ్రాములు దొంగతనంగా నకలు తీయకుండా చూడటం దాని ముఖ్యోద్దేశం. వాటికి వేసిన ఎలక్ట్రానిక్ తాళాన్ని పగలగొట్టడం నేరమని ఆ చట్టంలోని 1201వ సెక్షను చెబుతున్నది. కారులోను, ట్రాక్టరులోను సాఫ్ట్‌వేరు వచ్చి చేరడంతో ఆ తాళం వాటికి కూడా వర్తించింది. తన డబ్బుతో కొన్న ట్రాక్టరు పెట్టె తెరిచిన రైతు కాపీరైటు నేరస్థుడయ్యే పరిస్థితి వచ్చింది.

అయితే ఆ చట్టంలోనే ఒక వెసులుబాటు పెట్టారు. మూడేళ్ళకొకసారి విచారణ జరిపి, న్యాయమైన అవసరం ఉన్న పనులకు మినహాయింపు ఇవ్వవచ్చు. కాపీరైటు కార్యాలయం సిఫారసు చేస్తే అక్కడి పార్లమెంటు గ్రంథాలయాధిపతి ఉత్తర్వు ఇస్తారు. 2014, 2015 సంవత్సరాలలో జరిగిన విచారణలో ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ, మరికొందరు కలిసి కార్లకు, వ్యవసాయ యంత్రాలకు మినహాయింపు కావాలని కోరారు.

జనరల్ మోటార్స్, జాన్ డీర్ వంటి కంపెనీలు, కార్ల తయారీదారుల సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. తెలిసీతెలియనివారు లెక్కలు మారిస్తే బ్రేకులు, స్టీరింగు వంటివి దెబ్బతిని ప్రాణాలకు ముప్పు వస్తుందని, పొగ పెరుగుతుందని వాదించాయి. ట్రాక్టరు కొన్న రైతుకు అందులోని సాఫ్ట్‌వేరు మీద యాజమాన్యం రాదని, బండి ఉన్నంత కాలం దాన్ని వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఉంటుందని జాన్ డీర్ కంపెనీ చేసిన వాదన అక్కడి రైతులలో పెద్ద సంచలనం కలిగించింది.

కంపెనీలే గాక అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా మినహాయింపు వద్దన్నది. 2015 జులైలో ఆ సంస్థ కాపీరైటు కార్యాలయానికి లేఖ రాసింది. తాళం తీయనిస్తే యజమానులు బలం కోసం, మైలేజీ కోసం లెక్కలు మార్చి పొగ పెంచుతారని, వారిని పట్టుకోవడం కష్టమవుతుందని ఆ లేఖ సారాంశం. కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల బోర్డు కూడా అదే అభిప్రాయం చెప్పింది.

కంచే చేను మేసింది

ఆ లేఖ రాసి రెండు నెలలు గడిచాయో లేదో, 2015 సెప్టెంబరు 18న అదే పర్యావరణ సంస్థ ఒక నోటీసు ఇచ్చింది. అది యజమానులకు కాదు, ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీలలో ఒకటైన వోక్స్‌వాగన్‌కు. అమెరికాలో అమ్మిన దాదాపు 4,82,000 డీజిలు కార్లలో ఆ కంపెనీయే దొంగ సాఫ్ట్‌వేరు పెట్టిందని ఆ నోటీసులో ఆరోపించారు.

ఆ సాఫ్ట్‌వేరు పని విచిత్రమైనది. స్టీరింగు తిరుగుతున్నదా, వేగం ఎలా ఉన్నది, ఇంజను ఎంతసేపు నడిచింది అనే సంగతులు చూసి, ఇప్పుడు బండి పరీక్షశాలలో ఉన్నదా, రోడ్డు మీద ఉన్నదా అని కనిపెట్టేది. పరీక్ష అని తెలిస్తే పొగ తగ్గించే సామానును పూర్తిగా పనిచేయించేది. రోడ్డు మీదికి రాగానే తగ్గించేది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రమే పిల్లలకు పాఠం చెప్పే బడి వంటిది ఈ వ్యవహారం. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడు అనుమతించిన దానికి 40 రెట్ల దాకా వస్తున్నదని పర్యావరణ సంస్థ తేల్చింది. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఇటువంటి సాఫ్ట్‌వేరు ఉన్నట్లు కంపెనీ అంగీకరించింది. 2017లో అమెరికాలో నేరం ఒప్పుకుని, క్రిమినల్, సివిల్ జరిమానాలు కలిపి 430 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. యజమానులకు ఇచ్చిన పరిహారం, కార్లను వెనక్కు కొన్న ఖర్చు దీనికి అదనం.

ఈ దొంగతనం బయటపడిన తీరు ముఖ్యంగా గమనించవలసినది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని కొద్దిమంది పరిశోధకులు దీన్ని మొదట పట్టుకున్నారు. వారిలో అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న అనే భారతీయులు కూడా ఉన్నారు. వారు ఇ.సి.యు. తాళం పగలగొట్టలేదు. సాఫ్ట్‌వేరు చదవలేదు. పొగను కొలిచే యంత్రాన్ని కారులోనే పెట్టుకుని రోడ్ల మీద నడిపారు. ఒక కారును లాస్ ఏంజిలిస్ నుంచి సియాటిల్ దాకా కూడా తిప్పారు. వారు పరీక్షించిన వోక్స్‌వాగన్ కార్లలో ఒకటి పరిమితికి 15 నుంచి 35 రెట్లు, మరొకటి 5 నుంచి 20 రెట్లు నైట్రోజన్ ఆక్సైడు వదులుతున్నట్లు తేలింది. 2014లో ఈ నివేదిక వెలువడింది. ఆ తరువాతనే అధికారులు కంపెనీని నిలదీశారు.

తాళం కంపెనీ చేతిలో ఉంటే గాలి శుభ్రంగా ఉంటుందన్న వాదన అంతటితో బలహీనపడింది. తాళం వెనక ఏముందో ఎవరూ చూడకూడదన్న నియమం దొంగకే మేలు చేసిందన్న మాట అక్కడ గట్టిగా వినిపించింది.

మినహాయింపు వచ్చింది, షరతులతో

2015 అక్టోబరులో ఉత్తర్వు వెలువడింది. కార్లు, వాణిజ్య వాహనాలు, ట్రాక్టర్ల వంటి వ్యవసాయ యంత్రాల యజమానులు లోపం తెలుసుకోవడానికి, మరమ్మతు చేసుకోవడానికి, చట్టానికి లోబడిన మార్పులు చేసుకోవడానికి తాళం తీయవచ్చునని అందులో చెప్పారు. పాటలు, సినిమాలు వినోదం అందించే పెట్టెల జోలికి పోరాదన్నారు. పొగ, భద్రత చట్టాలను ఉల్లంఘించే మార్పులకు ఇది వర్తించదని స్పష్టం చేశారు. సంబంధిత శాఖలు తమ ఏర్పాట్లు చూసుకోవడానికి అమలును 12 నెలలు వాయిదా వేశారు. 2016 అక్టోబరు నుంచి అది అమలులోకి వచ్చింది.

మొదటి ఉత్తర్వులో ఒక లోటు ఉండేది. యజమాని స్వయంగా చేసుకోవాలేగాని మెకానిక్కు చేత చేయించుకునే వీలు లేదు. కంప్యూటరు భాష ఎంతమంది రైతులకు వస్తుంది? 2018లో ఈ నిబంధనను సడలించి ఇతరుల సహాయం తీసుకోవడానికి ఒప్పుకున్నారు. 2021లోను, 2024లోను మినహాయింపును పొడిగించారు. అయితే తాళం తీసే సాధనాలు తయారుచేసి అమ్మడానికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. తలుపు తీయవచ్చు, తాళంచెవి మాత్రం అమ్మరాదు అన్నట్లున్నదని విమర్శ రావడంలో వింత లేదు.

రైతుల పోరాటం ఆ మినహాయింపుతో ఆగలేదు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. మరమ్మతుకు కావలసిన పుస్తకాలు, సామాను, సాఫ్ట్‌వేరు సాధనాలు రైతులకు, బయటి మెకానిక్కులకు కూడా కంపెనీలు ఇవ్వాలని దాని ఆదేశం. 2024 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. మరమ్మతులను తన డీలర్ల గుప్పిట్లో పెట్టుకున్నదంటూ 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను జాన్ డీర్ మీద దావా వేసింది.

యజమానులూ తక్కువ తినలేదు

ఇంతవరకు చదివినవారికి తప్పంతా కంపెనీలదే అనిపించవచ్చు. కాని పర్యావరణ సంస్థ 2015 లేఖలో వెలిబుచ్చిన భయం ఉత్తి భయం కాదు.

అంతకుముందు పదేళ్ళలో అమెరికాలో 5 లక్షల 50 వేలకు పైగా డీజిలు పికప్ ట్రక్కులలో పొగ తగ్గించే సామానును తీసేశారని అదే సంస్థ 2020 నవంబరులో ఒక అంచనా ప్రకటించింది. ఆ బండ్లు అరిగిపోయేలోగా 5 లక్షల 70 వేల టన్నుల నైట్రోజన్ ఆక్సైడును అదనంగా గాలిలోకి వదులుతాయని లెక్క కట్టింది. వోక్స్‌వాగన్ దొంగ లెక్క రాసిన 4,82,000 కార్ల పక్కన ఈ 5,50,000 ట్రక్కులను పెట్టి చూస్తే, కంపెనీ చేసినా యజమాని చేసినా పొగ పొగేనని తెలుస్తున్నది. పీల్చేవాడి ఊపిరికి ఈ తేడా తెలియదు.

ఇంతమంది ఈ పనికి ఎందుకు దిగారు? బలం మీద మోజు ఒక కారణం. మరమ్మతు బాధ మరొక కారణం. పొలం మధ్యలోనో, సరుకుతో దారి మధ్యలోనో సెన్సారు చెడి బండి నత్తనడక పడితే, విసిగిపోయిన మనిషి ఆ సామానునే పీకించేస్తాడు. ఈ సంగతి ప్రభుత్వం ఆలస్యంగా గుర్తించింది. యూరియా ద్రావణం సమస్య వచ్చినప్పుడు బండి బలం ఒక్కసారిగా పడిపోకుండా సాఫ్ట్‌వేరు సవరించాలని 2025 ఆగస్టులో పర్యావరణ సంస్థ తయారీదారులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మరమ్మతు తేలికైతే పీకించేసే అవసరం తగ్గుతుంది. మరమ్మతు హక్కు, శుభ్రమైన గాలి ఒకదానికొకటి శత్రువులని అనుకోనక్కరలేదు.

మన దేశంలో పరిస్థితి

వోక్స్‌వాగన్ వ్యవహారం మన గడప కూడా తొక్కింది. కారు రోడ్డు మీద వదిలే పొగ బి.ఎస్‌.4 పరిమితికి 5 నుంచి 9 రెట్లు ఉన్నట్లు మన దేశంలో జరిపిన పరీక్షలలో తేలింది. 2015 డిసెంబరులో ఆ కంపెనీ మన దేశంలో అమ్మిన 3 లక్షల 23 వేలకు పైగా కార్లను వెనక్కు పిలిపించి సాఫ్ట్‌వేరు సరిచేస్తానని ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునలు రూ.500 కోట్లు చెల్లించాలని ఆదేశించింది. కంపెనీ అప్పీలు చేయగా ఆ ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు బలవంతపు చర్యలను ఆపివేసింది.

మన చట్టం సంగతి చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను ఖాయం చేసింది. అదే ఏడాది తెచ్చిన సవరణలో 182-ఎ అనే సెక్షను చేర్చారు. అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేక ఒక్కొక్క మార్పుకు రూ.5 వేలు జరిమానా, లేక రెండూ విధించవచ్చునని అందులో రాశారు. నిబంధనలు పాటించని తయారీదారుకు రూ.100 కోట్ల దాకా జరిమానా వేయవచ్చునని కూడా అదే సెక్షనులో ఉన్నది.

చట్టం ఉన్నది సరే, పట్టుకునే ఏర్పాటు ఏది? కాలుష్య తనిఖీ కేంద్రంలో డీజిలు బండికి యాక్సిలరేటరు నొక్కి పొగ ఎంత నల్లగా ఉన్నదో కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడును అక్కడ కొలవరు. అంటే మసి తక్కువగా వదిలి ఆ వాయువును ఎక్కువగా వదిలే బండికి కూడా సర్టిఫికెట్ చేతికి వస్తుంది. లెక్క మార్చిన సంగతి కంటికి కనపడదు కాబట్టి రోడ్డు మీద ఆపిన పోలీసుకు గాని, రవాణా శాఖ ఉద్యోగికి గాని అది తెలిసే అవకాశం లేదు.

కొత్త మోడళ్ళ విషయంలో కొంత మేలు జరిగింది. బి.ఎస్‌.6 రెండవ దశలో, అంటే 2023 ఏప్రిల్ నుంచి, పరీక్షశాలలోనే గాక రోడ్డు మీద నడుపుతూ కూడా కార్ల పొగను కొలవాలని నియమం వచ్చింది. వోక్స్‌వాగన్‌ను పట్టించిన పద్ధతి ఇదే. అయితే ఇది కంపెనీకి పెట్టే పరీక్ష. బండి అమ్మి నాలుగేళ్ళయ్యాక యజమాని ఏంచేశాడో ఇది చెప్పలేదు.

ట్రాక్టర్ల విషయానికి వస్తే, 50 గుర్రాల బలానికి మించిన వాటికి 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వర్తించాయి. వాటితో కంప్యూటరు ఇంజన్లు పొలాల్లోకి దిగాయి. పంపు విప్పి పది పదిహేనేళ్ళు బతికిన ఊరి మెకానిక్కు ఈ కొత్త బండి ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తున్నది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అది తీసుకున్న నాలుగు రంగాలలో వ్యవసాయ పరికరాలు, మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టలు తెరిచారు. కాని కంపెనీలు సాధనాలు ఇచ్చి తీరాలనే కొలరాడో వంటి చట్టం వస్తేనే మెకానిక్కు చేతికి పని దొరుకుతుంది.

చేయించే ముందు

బలం పెంచుతాం, మైలేజీ పెంచుతాం అని ఎవరైనా వచ్చినప్పుడు రైతు సోదరులు, బండి యజమానులు కొన్ని సంగతులు ఆలోచించుకోవడం మంచిది.

ఒకటి, పాత సాఫ్ట్‌వేరు నకలు భద్రంగా తీసి ఉంచుతారా అని అడగాలి. స్క్రూ అయితే వెనక్కు తిప్పవచ్చు. నకలు లేకపోతే పాత లెక్క కోసం మళ్ళీ కంపెనీ గుమ్మం ఎక్కవలసిందే.

రెండు, కంపెనీవారు ఇంజనులో కొంత బలాన్ని దాచి ఉంచడం ఉత్తినే కాదు. వేడికి, దుమ్ముకు, నాసిరకం డీజిలుకు తట్టుకోవడానికి కొంత వెసులుబాటు వదులుతారు. ఆ వెసులుబాటును వాడేస్తే క్లచ్చి, టర్బో, గేరుబాక్సు మీద భారం పడుతుంది.

మూడు, మార్పు సంగతి డీలరు కంప్యూటరులో బయటపడితే వారంటీ నిరాకరించవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయింకు కూడా చిక్కు రావచ్చు.

నాలుగు, ఫిల్టరు మూసుకుపోతే పీకించేముందు బండిని హైవే మీద అరగంట సమానమైన వేగంతో నడిపి చూడాలి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఇందుకు పద్ధతి రాసి ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగేవారు అసలు డీజిలు కారు కొనకపోవడమే మేలు.

ఐదు, పాత బండి కొనేవారు మసి ఫిల్టరు ఉన్నదా, తీసేశారా అని తెలిసిన మెకానిక్కు చేత చూపించుకోవాలి. మొదటి యజమాని చేసిన మార్పుకు జవాబు చెప్పవలసింది తరువాత కొన్నవాడే.

కొలిచే చేయి వేరుగా ఉండాలి

ఈ వ్యవహారమంతా చూశాక తేలేది ఒక్కటే. తాళం కంపెనీ చేతిలో ఉంటే కంపెనీ మోసం చేసింది. తాళం యజమాని చేతికి వస్తే యజమానులలో లక్షలమంది మోసం చేశారు. కాబట్టి తాళం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఒక్కదానితోనే గాలి బాగుపడదు. గొట్టం దగ్గర నిలబడి నిజంగా ఏం వస్తున్నదో కొలిచే చేయి, కంపెనీదీ యజమానిదీ కాని చేయి, మూడవది ఒకటి ఉండాలి.

ఆ కొలత గట్టిగా ఉంటే మరమ్మతు తాళాన్ని రైతుకు, మెకానిక్కుకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. లెక్క ఎవరు మార్చారన్నది కాదు, మార్చాక పొగ ఎంత వస్తున్నదన్నది చూడవచ్చు. కొలత లేనప్పుడు ఎంత పెద్ద తాళం వేసినా ప్రయోజనం లేదు. మన తనిఖీ కేంద్రాలలో నైట్రోజన్ ఆక్సైడును కూడా కొలిచే యంత్రాలు పెట్టడం, మరమ్మతు సాధనాలు కంపెనీ డీలరుకే గాక ఊరి మెకానిక్కుకు కూడా న్యాయమైన ధరకు అందేలా చట్టం చేయడం, ఈ రెండు పనులూ జంటగా జరగవలసి ఉన్నది. ఒకటి చేసి రెండవది వదిలితే గాలి అయినా పాడవుతుంది, మెకానిక్కు పొట్ట అయినా మాడుతుంది. ప్రజాప్రతినిధులు, రవాణా శాఖ అధికారులు ఈ విషయం మీద దృష్టి పెట్టడం ఎంతైనా అవసరం.